చదువు ఎవరి సొమ్ము?

మనందరికీ చిన్నప్పుడు కంఠతా వచ్చిన పద్యం ఒకటుంది. భర్తృహరి సుభాషితాన్ని ఏనుగు లక్ష్మణకవి తెలుగు చేసినది. చదువనే ధనం దొంగ కంటికి కనపడదనీ, అడిగినవాళ్లందరికీ పంచిపెట్టినా తరక్కపోగా పెరుగుతుందనీ, యుగాంతం వచ్చినా నశించదనీ దాని తాత్పర్యం. దానికి తోడు సంస్కృతంలో మరో శ్లోకం. చదువుని అన్నదమ్ములు వాటాలు వేసుకోలేరట, రాజు లాక్కోలేడట, మోయడానికి బరువూ కాదట. బడి వార్షికోత్సవాల్లో ముఖ్య అతిథిగారు ఈ రెండింట్లో ఏదో ఒకటి అందుకోకుండా వేదిక దిగిన సందర్భం నేనైతే చూడలేదు.

ఆ పద్యం మీద నాకు చాలాకాలంగా ఒక పేచీ వుంది. పద్యం నడక మీద కాదు సుమండీ! బి.ఏ.లో తెలుగు చదువుకున్నదాన్ని, ఆ నడకకి ఎప్పుడూ దాసోహమే. నా పేచీ ఆ పోలిక మీద. ధనం అన్నాక అది ఎవరో ఒకరిది అయితీరాలి. నాది అన్నామంటే నీది కాదన్నమాటే. అటువంటి మాటని చదువుకి తగిలించి, మళ్లీ ‘ఇది మామూలు ధనం కాదర్రా, పంచితే పెరుగుతుంది’ అని సర్దిచెప్పడం ఎందుకు? ఆ సర్దుబాటు పిల్లలు విన్నట్టూ లేదు, పెద్దలు ఆచరించినట్టూ లేదు. పద్యం అప్పజెప్పించిన నోటితోనే, ‘నీ నోట్సు పక్కింటి పిల్లకి ఇవ్వకు, పరీక్షలు దగ్గరికొచ్చాయి’ అని గుమ్మంలో నిలబడి హెచ్చరించే తల్లులం మనం. కాదంటారా?

నిజానికి సొంతం అనే విషయంలో పిల్లల్ని మించిన ప్లీడర్లు లేరు. రెండేళ్లు నిండీ నిండకముందే ‘నాది’ అనే మాట వస్తుంది. కొందరికి ‘అత్త’, ‘తాత’ కంటే ముందే వస్తుంది. మనం దాన్ని స్వార్థం అనుకుని, ‘తప్పు నాన్నా, చెల్లికివ్వు’ అంటాం. అది వట్టి స్వార్థమే అయితే కనపడ్డ ప్రతిదీ నాదే అనాలిగా? అనరు. ‘ఇది తాత కర్ర’, ‘ఇది అమ్మ చెప్పు’ అని ఎవరి వస్తువు వాళ్లకి మోసుకెళ్లి ఇచ్చేది కూడా ఆ వయసు పిల్లలే. నాన్న కుర్చీలో చుట్టం కూర్చుంటే మొహమాటం లేకుండా లేవమని చెప్పేదీ వాళ్లే.

దీనిమీద పైదేశాల్లో పనిగట్టుకుని పరిశోధనలు చేశారు. 2008లో కెనడా పరిశోధకులు ఇద్దరు పసిపిల్లలకి చిన్న కథ చెప్పారు. ఒక బొమ్మతో ముందు అబ్బాయి ఆడుకున్నాడు, తర్వాత అమ్మాయి ఆడుకుంది, ఆ బొమ్మ ఎవరిది? ముందు ఎవరి చేతిలో వుందో వాళ్లదే అన్నారు పిల్లలు. ఇది వాళ్ల మొదటి సెక్షను. రెండోది 2010లో ఇంగ్లండులో బయటపడింది. ఒకళ్ల మట్టిముద్ద తీసుకుని ఇంకొకళ్లు బొమ్మ చేస్తే అది ఎవరిది? పెద్దవాళ్లలో ఎక్కువమంది ‘మట్టి ఎవరిదో బొమ్మా వాళ్లదే’ అన్నారు. మూడు, నాలుగేళ్ల పిల్లలు మాత్రం చేసినవాళ్లకే ఇచ్చెయ్యడానికి పెద్దల కంటే చాలా సుముఖంగా వున్నారు. కష్టపడి చేసినవాడిదే సొంతం అని జాన్ లాక్ మహాశయుడు 17వ శతాబ్దంలో గ్రంథం రాసి నిరూపించబోయిన మాటని, పాలపళ్లు వూడని పిల్లలు ఒక్క మట్టిముద్దతో తేల్చేశారు.

ఈ పరిశోధనలు చదివినప్పుడల్లా నాకు నంబులపూలకుంట గుర్తొస్తుంది. మా చిన్నమ్మగారి వూరు. కదిరినుంచి బస్సులో వెళ్లాలి. వేరుశెనగ చేలు, గుట్టలు, ఎర్రటి ఎండ. ఇదివరకు అనంతపురం జిల్లా. 2022నుంచి శ్రీ సత్యసాయి జిల్లా అయింది. ఆ ప్రాంతంలోనే గూటిబైలులో తిమ్మమ్మ మర్రిమాను వుంది. 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కిన చెట్టు. దాదాపు 5 ఎకరాల మేర పరుచుకుని వుంటుంది. ఏది మొదలో, ఏది వూడో చూసినవాళ్లకి అంతుపట్టదు.

చిన్నమ్మ మనవల్ని తీసుకుని అక్కడికి వెళితే, చెట్టు కిందికి చేరిన అయిదు నిమిషాల్లో పంపకాలు అయిపోతాయి. ‘ఈ వూడ నాది’, ‘ఆ లావుది నాది’, ‘పోయినసారి వచ్చినపుడు నేనే కదా ముందర పట్టుకుండేది, అది నాదే!’ అని. లోకంలో ఎవరి సొంతమూ కాని చెట్టుని నలుగురు పిల్లలు ఒక్క కాగితమైనా లేకుండా పంచేసుకుని, తిరిగి వచ్చేటప్పుడు మళ్లీ అలాగే అందరికీ వదిలేసి వస్తారు. మధ్యలో తగాదా వస్తే ఎవరు ముందు పట్టుకున్నారన్న ఒక్క సాక్ష్యంతో తీర్పు అయిపోతుంది. అప్పీలు లేదు.

పెద్దవాళ్ల పద్ధతి వేరు. అదే మండలంలో ఇప్పుడు కనుచూపు మేర సూర్యుడి పలకలు. 2016లో ఎన్‌టీపీసీవాళ్లు అక్కడ 250 మెగావాట్ల సౌరవిద్యుత్తు తీయడం మొదలుపెట్టారు. మొత్తం పార్కు 1500 మెగావాట్లకి అనుకున్నది. కరెంటు రావలసిందే, కాదనను. కాని భూములు తీసుకున్నప్పుడు పట్టా వున్నవాళ్లకి ఒక లెక్క, పట్టా లేకుండా ఏళ్లతరబడి దున్నుకుంటున్నవాళ్లకి మరో లెక్క అని పెద్ద రగడే అయింది. రాళ్లు ఏరి, చెట్లు కొట్టి, నేలని చేను చేసినవాడు ఎవరు అన్న ప్రశ్న పిల్లల కోర్టులో మొదటి ప్రశ్న. మన కోర్టులో దాని వంతు వచ్చేసరికి సాయంత్రమవుతుంది. నేనిక్కడ భూముల గురించి రాయబోవడం లేదు. రాసేవాళ్లు వేరే వున్నారు. వస్తువుల మీద పిల్లలకున్న చట్టం మన చట్టం కన్నా మొరటుదేం కాదని చెప్పడానికే ఇదంతా.

మరి అంత చట్టం తెలిసిన పిల్లలు చదువు దగ్గరికి వచ్చేసరికి ఏం చేస్తారో గమనించారా? చిత్రంగా, ఎవరిచ్చారన్న మాటే మరిచిపోతారు!

మా చిన్నమ్మ చిన్న మనవడికి నాలుగేళ్లు. మర్రిచెట్టు కిందే వాడికి ‘దీన్ని వూడ అంటారురా’ అని నేనే చెప్పాను. అంతకుముందు దాన్ని తాడు అన్నాడు వాడు. పది నిమిషాల తర్వాత వాళ్లక్క, ‘నీకెవరు చెప్పినార్రా వూడ అని?’ అనడిగితే, ‘ఎవురూ చెప్పల్యా. నాకు ముందరనించీ తెలుసు’ అన్నాడు. నా మొహంలోకి సూటిగా చూస్తూ మరీ! అబద్ధమాడుతున్నాడనుకునేరు. కాదు. 1994లో అమెరికాలో ముగ్గురు పరిశోధకులు అచ్చంగా ఈ సంగతే పరీక్షించి చూశారు. నాలుగేళ్ల పిల్లలకి కొత్త సంగతి ఒకటి నేర్పి, ఇది నీకు ఎప్పటినుంచి తెలుసని అడిగితే, ఎప్పటినుంచో తెలుసని ఎక్కువమంది చెప్పారట. కాస్త పెద్దవాళ్లయితేగాని ‘ఇవాళే నేర్చుకున్నాను’ అన్న స్పృహ రాదు.

నాకైతే ఇందులో గొప్ప విశేషం కనపడుతుంది. అరచేతిలో పట్టే గోలీ ఎవరిచ్చారో, ఎప్పుడిచ్చారో, దేనికి బదులుగా ఇచ్చారో సంవత్సరం తర్వాత కూడా సాక్ష్యాధారాలతో చెప్పగలిగిన వెధవ, పది నిమిషాల కిందట మనం నోట్లో పెట్టిన మాటకి మాత్రం ఖాతా వుంచుకోడు. వస్తువుకి ‘ఇచ్చినవాళ్లు’ వున్నారు. తెలివికి లేరు. అన్నం తిన్నాక ఒళ్లో కలిసిపోయినట్టు అది వాడిలో కలిసిపోతుంది. చదువు ధనమని మనం నేర్పకముందు పిల్లల అభిప్రాయం ఇదీ. లక్ష్మణకవిగారి పద్యం కన్నా ఇదే నాకు సత్యానికి దగ్గరగా కనిపిస్తుంది.

సరే, ఆ రాత్రి కరెంటు పోతే మిద్దెమీద పడుకోబెట్టి నలుగురికీ ఏకలవ్యుడి కథ చెప్పాను. సౌరవిద్యుత్తు పుట్టే వూళ్లో కరెంటు పోవడమేమిటని అడక్కండి.

ఈ కథ మనకి ఎలా తెలుసు? గురుభక్తికి ఉదాహరణగా. నేను చూసిన పిల్లల పుస్తకాల్లో చాలావాటిలో ఆఖరి వాక్యం ‘ఏకలవ్యుని గురుభక్తి సాటిలేనిది’ అన్న ధోరణిలోనే వుంటుంది. దాని కింద ‘ఈ కథవలన మనకు తెలిసిన నీతి ఏమి?’ అన్న ప్రశ్న. మా చిన్నమ్మ మనవల దగ్గర పుస్తకం లేదు గనక ఆ ఆఖరి వాక్యం నేను చెప్పలేదు. బొటనవేలు కోసి ఇచ్చాడు అని ఆపేశాను.

ఎనిమిదేళ్లవాడు లేచి కూర్చున్నాడు. ‘ఆ బొమ్మ చేసిండేది ఎవురత్తా?’

‘ఏకలవ్యుడే.’

‘మన్ను యాడిది?’

‘అడివిలోది.’

‘అయితే ద్రోణుడు నేర్పల్యా, మన్నూ ఇయ్యల్యా. మల్ల ఏలు యాలడిగినాడు?’

పన్నెండేళ్ల పెద్దపిల్ల ఒప్పుకోలేదు. ‘మొగం ఆయప్పదే కదరా! ఆయప్ప మొగం చూసే కదా చేసినాడు, అడక్కుండా!’ అంది.

‘మొగం చూస్తే ఏలు ఇయ్యల్లా? నువ్వు మా టీచరు మొగం దినామూ చూస్తాండావు గదా?’

ఈ తగాదా నిద్రలు పట్టేదాకా సాగింది. నాలుగేళ్లవాడు మటుకు, ‘నాకు ఈ కత ముందరనించీ తెలుసు’ అని చెప్పి ముసుగుతన్ని పడుకున్నాడు.

అంతమంది పండితులు వ్యాఖ్యానించిన కథలో ఆ ఇద్దరు పిల్లలూ సరిగ్గా ముడి వున్నచోట వేలుపెట్టారని నాకనిపించింది. ఆదిపర్వం తెరిచి చూడండి. ఏకలవ్యుడు నిషాదరాజు కొడుకు. చదువు చెప్పమని వస్తే ద్రోణుడు చెప్పనన్నాడు. అతను అడవికి పోయి మట్టితో గురువు బొమ్మ చేసుకుని, దాని ఎదుట తనంత తానే సాధన చేశాడు. మొరిగే కుక్క నోరు బాణాలతో కుట్టేసిన నేర్పు చూసి అర్జునుడికి దడ పుట్టింది. గురువుగారి దగ్గరికి పోయి ఏమన్నాడు? నన్ను మించిన శిష్యుడు వుండడని మాట ఇచ్చారు కదా, మరి వీడెక్కడినుంచి వచ్చాడు అన్నాడు. ఇది నాకిస్తానన్న బొమ్మ వాడికెలా వచ్చిందని రెండేళ్ల పిల్లాడు పెట్టే పేచీయే. కాకపోతే రెండేళ్ల పిల్లాడికి అలాంటి పేచీ బొమ్మ విషయంలోనే వస్తుంది, విద్య విషయంలో రాదు. అర్జునుడికి విద్య కూడా బొమ్మే అయింది. వాడికి ఎంత వుంటే నాకు అంత తక్కువ అనుకున్నాడు. గురువుగారు ఆ లెక్కని ఒప్పుకుని, తాను ఇవ్వని దానికి వెల అడిగాడు.

పిల్లలకోసం కథని కుదించేటప్పుడు ముందుగా ఎగిరిపోయేది అర్జునుడి ఫిర్యాదే. అది పోతే కథలో దావా పోతుంది, తీర్పు మిగులుతుంది. దావా తెలియకుండా తీర్పు వింటే ఎవరికైనా అది భక్తిలాగే వినపడుతుంది మరి. ఈ కథని పిల్లలకి చెప్పొద్దనేవాళ్లు కొందరున్నారు. నేను వాళ్ల పక్షం కాదు. పూర్తిగా చెప్పి, నీతివాక్యం దగ్గరికి వచ్చేసరికి నోరు మూసుకోమంటాను.

అసలు మహాభారతంలోనే చదువు ఎవరిది అన్న గొడవ ఒక్కచోట కాదు, పదేపదే వస్తుంది. పరశురాముడు కర్ణుడికి అస్త్రాలన్నీ నేర్పి, వాడు బ్రాహ్మణుడు కాదని తెలియగానే, అవసరం పడినవేళ గుర్తుకు రాకుండా పోతాయని శపించాడు. అంటే ఇచ్చిన సొమ్ము వెనక్కి లాక్కున్నట్టే. దొంగ ఎత్తుకుపోలేడు, రాజు లాక్కోలేడు అన్న శ్లోకంలో గురువు పేరు లేకపోవడం గమనించారా? రాసినవారు జాగ్రత్తపరులు!

కచుడి కథ ఇంకా తమాషా అయినది. బృహస్పతి కొడుకు కచుడు మృతసంజీవని నేర్చుకోవడానికి శత్రుపక్షపు గురువు శుక్రుడి దగ్గరికి వెళ్లాడు. రాక్షసులు మళ్లీ మళ్లీ చంపారు, శుక్రుడు బతికించాడు. చివరికి విద్య వచ్చింది. దేవయాని పెళ్లి చేసుకోమంటే కాదన్నాడు. ‘అయితే నువ్వు నేర్చుకున్న విద్య నీకు పనిచెయ్యకుండుగాక’ అందామె. దానికి అతని జవాబు చూడండి. నాకు పనిచెయ్యకపోతే పోనీ, నేను నేర్పినవాళ్లకి పనిచేస్తుంది అన్నాడు! విద్యని ధనం అనుకునేవాడి నోట ఆ మాట రాదు. తన చేతిలో చెల్లని నోటు ఇంకొకడి చేతిలో చెల్లడం ఏ బ్యాంకులోనూ లేదు. పిల్లల పుస్తకాల్లో ఈ కథ చంపడాలు బతికించడాలతో హోరెత్తిపోతుంది గాని, ఈ ఒక్క జవాబు దగ్గర ఎవరూ ఆగరు. నేను సంకలనకర్తనైతే ఏకలవ్యుడి కథ పక్కపేజీలోనే దీన్ని వేస్తాను.

ఇక్కడ ఒక పాఠకురాలు నన్ను నిలదీస్తుందని తెలుసు. ‘ఏమండీ, చదువు ఎవరి సొంతమూ కాదంటే పక్కవాడి పేపరు చూసి రాసేవాడి సంగతేమిటి? మీ నవల ఇంకొకరు పేరు మార్చి అచ్చువేసుకుంటే వూరుకుంటారా?’ అని. వూరుకోను. సీరియల్ రాసేవాళ్లం, వారం వారం నెత్తురు చెమటగా మార్చేవాళ్లం, మాకూ వుంది పట్టింపు. చెప్పొచ్చేదేమిటంటే పిల్లలు ఈ రెండిటినీ కలగాపులగం చెయ్యరు. 2011లో అమెరికాలో చేసిన పరిశోధనలో, సొంతంగా బొమ్మ గీసినవాడి కన్నా పక్కవాడి బొమ్మ చూసి గీసినవాడు మంచివాడు కాదని అయిదారేళ్ల పిల్లలే చెప్పారు. ‘చూడమ్మా, నా ఇల్లు చూసి వేసేసింది’ అన్న ఫిర్యాదు వినని ఇల్లాలు ఎవరు? అదే పిల్ల, ‘ఇల్లు వెయ్యడం నేను నేర్పాను కాబట్టి అది వేసే ఇళ్లన్నీ నావే’ అని ఎప్పుడైనా అందా? చేసింది చేసినవాళ్లది. నేర్చుకున్నది మాత్రం ఎవరు నేర్చుకుంటే వాళ్లది. ఈ చిన్న తేడా పన్నెండేళ్లు బడికి పంపాక మాయమైపోతుంది. స్లేటుకి మోచెయ్యి అడ్డం పెట్టుకుని లెక్కచేసే అలవాటు పిల్లలు పుట్టుకతో తెచ్చుకోలేదు. ర్యాంకు అనేది ఒక్కటే వుంటుంది, ఒక్కరిదే అవుతుంది అని మనం చెప్పిన రోజునుంచి మోచెయ్యి అడ్డం వచ్చింది.

చదువుని పిల్లల పద్ధతిలో అందుకున్న పెద్దవాళ్లు కూడా వున్నారండోయ్. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం జోరుగా నడిచింది. వయోజనుల వాచకంలో ‘సీతమ్మ కథ’ అనే పాఠం, సారా గొడవ వున్నది, ఒకటి పెట్టారు. పాఠం సర్కారుది. అచ్చువేయించింది సర్కారు, పంచింది సర్కారు. దూబగుంట ఆడవాళ్లు దాన్ని కూడబలుక్కుని చదువుకుని, ఇది సీతమ్మ కథ కాదు మన కథే అనుకున్నారు. 1992లో సారా దుకాణం ముందుకి వెళ్లి నిలబడ్డారు. ఆ మంట రాష్ట్రమంతా అంటుకుంది. 1993 అక్టోబరు 1నుంచి సారా నిషేధించక తప్పలేదు. మట్టి ఎవరిదైతేనేం, బొమ్మ వాళ్లు చేశారు. ‘మేం నేర్పిన అక్షరాలతో మా ఆదాయానికే ఎసరు పెడతారా’ అని లోలోపల నొచ్చుకున్న ద్రోణాచార్యులు ఆఫీసుల్లో లేకపోలేదేమో! బొటనవేళ్లు అడగడానికి మాత్రం వీలు కాలేదు. అప్పటికే ఆ వేళ్లు నిశానీ వెయ్యడం మానేసి సంతకాలు పెడుతున్నాయి.

ద్రోణుడి కాలంలో ఫ్లెక్సీలు లేవు గాబట్టి పాపం వేలితో సరిపెట్టుకున్నాడు. ఇప్పుడైతే ఏ వూరి కూడలిలో చూసినా వరసగా పిల్లల మొహాలు. ‘మా విద్యార్థి’, ‘మా ర్యాంకు’, ‘మా విజయం’! ఒకే పిల్లాడి ఫోటో రెండు కాలేజీల ప్రకటనల్లో కనపడటం మీరూ చూసే వుంటారు. వాడు ఎవడి సొత్తో తేల్చడానికి పిల్లల కోర్టుకే పోవాలి. ముందు ఎవరు పట్టుకున్నారో, ఎవరు చేశారో అడుగుతారు వాళ్లు. బిడ్డలు తల్లిదండ్రుల ఆస్తి కారని చలంగారు ‘బిడ్డల శిక్షణ’లో ఏనాడో మందలించారు. స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా పనిచేసి బడులని లోపలినుంచి చూసినవాడాయన. తల్లిదండ్రుల ఆస్తి కాకుండా పోయిన బిడ్డలు కాలేజీల ఆస్తి అవుతారని మాత్రం ఆయన కూడా వూహించి వుండడు.

ముందు ఎవరు పట్టుకున్నారు అంటే గుర్తొచ్చింది. మా చిన్నమ్మ కోడలు డిగ్రీ చదివింది. పెళ్లిచూపుల్లో ఆ డిగ్రీని కూడా సారెతోపాటు లెక్కగట్టి చెప్పుకున్నారు. ఆ తర్వాత దాని వూసు ఎవరూ ఎత్తలేదు. సాయంత్రం పాలు పితకడం అయ్యాక వసారాలో వీధి పిల్లలు పదిమంది దాకా చేరతారు. రూపాయి తీసుకోదు. ఎక్కాలు, గుణింతాలు, ఇంగ్లీషు చదవడం ఆమె దగ్గరే పట్టుబడుతుంది. ఆపైన ఎక్కడెక్కడికో వెళతారు. వాళ్లలో ఒక పిల్ల పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకుంది. బస్టాండులో ఫ్లెక్సీ కట్టారు. పిల్ల ఫోటో ఒక మూల బిళ్లంత, కరస్పాండెంటుగారి ఫోటో నిలువెత్తు.

నాకు వొళ్లు మండింది. ‘ఆ పిల్లకి అక్షరం ముక్క పెట్టింది నువ్వు కదే! ఒక్కసారైనా నీ పేరు చెప్పిందా?’ అన్నాను మా మరదలితో.

ఆమె గిన్నెలు బోర్లిస్తూ, ‘అట్లేం లేదులే వదినా. మొన్న ఆ పిల్లే వచ్చి మా చిన్నోడికి భిన్నాలు చెప్తాండె. వాళ్ల టీచరు చెప్పిన పద్ధతి కంటే తన పద్ధతి సులువంట. నేను వాళ్లక్కకి చెప్పిన పద్ధతే అది. నవ్వుకున్న్యా’ అంది.

‘చెప్పొద్దూ అది నీదేనని?’

‘నాదేమి? మా నాయన నాకు చెప్పినాడు. ఆయనకు ఎవురు చెప్పినారో’ అంది.

అక్షరాభ్యాసం నాడు పళ్లెంలో బియ్యం పరిచి పిల్లవాడి వేలు పట్టుకుని రాయిస్తాం. చెయ్యి పట్టుకున్నది ఒకరు, ఒళ్లో కూర్చోబెట్టుకున్నది ఒకరు. ఎవరు రాశార్రా అంటే ‘నేనే’ అంటాడు వాడు. అందరం మురిసిపోతాం. ఆ ఒక్కరోజు మనకి ఆ జవాబు న్యాయంగానే తోస్తుంది. ఇరవై ఏళ్ల తర్వాత ఉద్యోగం వచ్చి అదే మాట అంటే గుండెల మీద చెయ్యి వేసుకుని, ‘ఇంత చేస్తే నేనే అంటాడా’ అని చుట్టాలందరికీ ఫోన్లు చేస్తాం. మాట వాడిది మారలేదు. మన పద్దు పుస్తకం మారింది.

అయినా మరదలి పేరు ఆ ఫ్లెక్సీ మీద వుండాలనే నాకిప్పటికీ అనిపిస్తుంది. పిల్లకి గుర్తులేకపోవడం వేరు, కరస్పాండెంటుగారు నిలువెత్తున నిలబడటం వేరు. మొదటిది చదువు లక్షణం. రెండోది అర్జునుడి ఫిర్యాదుకి చుట్టం. ఆమెకి మటుకు ఈ విచారం లేదు. నేను బయల్దేరేరోజు బస్సు దాకా వచ్చి, వచ్చేటప్పుడు కదిరిలో బలపాల పెట్టెలు రెండు తెమ్మంది. ఇక్కడ అంగట్లో దొరికేవి తొందరగా విరిగిపోతున్నాయట.